బ్రేక్ లైటుకి టికెట్ వస్తే టెన్షన్ వద్దు, ఆలస్యం అసలే వద్దు

తమ్ముడూ, కాలిఫోర్నియాలో రాత్రి ఎడమ బ్రేక్ లైటు వెలగడం లేదని పోలీసు ఆపి టికెట్, అంటే మన చలానా లాంటిది, రాశాడని, వీసాకి ఇబ్బందవుతుందేమోనని నిద్ర పట్టడం లేదని రాశావు. ముందు కాస్త స్థిమితపడు. దీన్ని అక్కడ ఫిక్స్-ఇట్ టికెట్ అంటారు, అంటే లోపం బాగుచేయించి చూపిస్తే కొట్టేసే టికెట్. నువ్వు పెట్టిన సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, గడువులోగా కోర్టుకి బదులిస్తానని మాటిచ్చినట్టు, అంతే.

టికెట్ మీద 'కరెక్టబుల్' (సరిచేసుకోదగ్గది) గడిలో 'యెస్' టిక్ చేసి ఉందేమో చూడు. ఉంటే రేపే బల్బు మార్పించు. నాకూ ఇలాగే అయింది. పాత బల్బు తీసి చూస్తే తీగ తెగి గాజంతా నల్లబడి ఉంది. కొన్ని డాలర్లతో పోయింది. కానీ బల్బు మార్చడంతో పని అయిపోదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కారు పోలీసుకి చూపించి, సరిచేశానని టికెట్ మీద సంతకం చేయించుకోవాలి. ఆ కాగితం, 25 డాలర్ల ఫీజు గడువులోగా కోర్టుకి చేరితే కేసు కొట్టేస్తారు. వదిలేశావో, హాజరు కాలేదని అది వేరే నేరమవుతుంది. నిజంగా భయపడాల్సింది దానికి.

ఇంకోసారి ఆపితే మనూళ్లోలాగా కారు దిగి ఎదురెళ్లకు. కుడిపక్కకి ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, అడిగాకే కాగితాలు తియ్యి. అప్పుడప్పుడూ రాత్రి గోడకి వెనక్కి ఆనించినట్టు ఆపి బ్రేక్ తొక్కు, అద్దంలో రెండుపక్కలా ఎర్రటి వెలుగు కనపడాలి.