మీ ప్రశ్న, మా జవాబు: పక్కనున్నోడు మనోడేనా?

ప్రశ్న: అన్నా నమస్తే. మేం ముగ్గురం ఫ్రెండ్స్‌మి, మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని ఉంటున్నాం, పగలు ఉద్యోగాలు, రాత్రిళ్ళు కూర్చుని పీసీకి ఒక చిన్న మిలిటరీ గేమ్ చేద్దామని మొదలెట్టాం. పాతకాలం సివిల్ వార్ పెట్టాలన్నది ఒక్కటే ఫిక్స్ అయ్యింది. ఒకడు అమెరికా అంటాడు, ఇంకోడు స్పెయిన్ అంటాడు, నేనేమో మన బొబ్బిలి పెడదాం అంటున్నా. నెల్రోజుల్నుంచి ఇదే గొడవ, ముందు మా రూమ్‌లోనే సివిల్ వార్ అయ్యేట్టుంది. మీరే తేల్చండి.
(ఓ పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ముందు నీ బొబ్బిలి సంగతి చూసేద్దాం తమ్ముడూ, ఎలాగూ నన్ను తిట్టేవాళ్ళు దాని గురించే తిడతారు. 1757 జనవరిలో కొట్టుకున్నది బొబ్బిలి, విజయనగరం అనే రెండు సంస్థానాలు, విజయనగరం వెనకాల ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. అది పొరుగోళ్ళ పగ, ఒకే ఇంట్లో చీలిక కాదు. ఇంటి గొడవే కావాలంటే పల్నాడు ఉంది, సవతి అన్నదమ్ముల రాజ్యం తగువు, కానీ మనకి తెలిసింది చాలావరకు వీరగాథలోంచే, పైగా కారంపూడిలో ఆ వీరులకి ఇప్పటికీ ఏటా ఉత్సవం చేస్తారు, అలాంటోళ్ళని మౌస్‌తో క్లిక్ చేసి చంపే గేమ్‌తో మీ మొదటి అడుగు వద్దు.

అమెరికా యుద్ధం, 1861 నుంచి 65, దానిమీద గేములు ఇప్పటికే బోలెడు, పైగా దక్షిణాది వైపు ఆడించేటప్పుడు బానిసత్వం మాట ఎత్తకుండా దాటేస్తే అది అబద్ధం అవుతుంది. స్పెయిన్ 1936లో మొదలైంది, ట్యాంకులు విమానాలు అన్నీ ఉన్నాయ్, ఒకవైపు జర్మన్లు ఇటలీవాళ్ళు, ఇంకోవైపు సోవియట్ సరుకు, అవన్నీ మోడల్ చెయ్యడానికి ముగ్గురు చాలరు.

నా ఓటు ఇంగ్లండుకి. 1642లో రాజు ఒకటో చార్లెస్‌కీ పార్లమెంటుకీ మొదలైంది. ఎందుకంటే, సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో ఫుట్‌బాల్ ఆడే కుర్రోళ్ళని చూసుంటావ్ కదా, ఒక జట్టు చొక్కాలు తీసేస్తుంది, లేకపోతే బాల్ ఎవడికి వెయ్యాలో తెలీదు. ఆ యుద్ధం మొదట్లో అచ్చం అంతే. రెండువైపులా ఒకటే భాష, ఒకటే బట్టలు, ఒకటే తుపాకులు, గుర్తంతా నడుముకో భుజానికో కట్టుకున్న గుడ్డ రంగులోనే. ఎడ్జ్‌హిల్‌లో, 1642 అక్టోబర్ 23న, పార్లమెంటు వైపునున్న ఫార్టెస్క్యూ అనే ఆయన (ముందు పేరు ఫెయిత్‌ఫుల్, అంటే నమ్మకస్తుడని, చూడు మరి) తన గుర్రపు దళంతో సహా రాజు వైపుకి దూకేశాడు, కానీ కొందరు ఆ కంగారులో నారింజ రంగు గుడ్డ తియ్యడం మర్చిపోయారు, కొత్త స్నేహితులే వాళ్ళని నరికేశారు! 1644లో మార్‌స్టన్ మూర్ దగ్గర దీనికి సరిగ్గా రివర్స్, పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ ఒంటరిగా శత్రువుల మధ్యలో చిక్కుకుపోయి, టోపీకున్న తెల్ల గుర్తు పీకేసి, తాపీగా వాళ్ళ మధ్యలోంచే గుర్రం నడిపించుకుని బయటపడ్డాడు.

మీ గేమ్‌లో ఇదే మెయిన్ బటన్ అవ్వాలి, గుడ్డ తియ్యడం, మార్చడం. కాపలావాడు సంకేతం అడిగితే అది కూడా తెలిసుండాలి. ఇంకో లాభం, రెండు సైన్యాలకీ ఒకటే మోడల్, రంగు మార్చితే చాలు, మీ ఆర్టు పని సగం మిగుల్తుంది.

తుపాకీ సంగతికొస్తే, అందులో చాలావాటికి మండుతున్న వత్తి ఉండాలి, వర్షమొస్తే ఆరిపోద్ది, చీకట్లో ఆ నిప్పే నువ్వెక్కడున్నావో చెప్పేస్తుంది. 1643 జూలైలో లాన్స్‌డౌన్ దగ్గర పార్లమెంటు వైపు సేనాని వాలర్ సైన్యం రాత్రికి రాత్రి వెనక్కి తగ్గుతూ, గోడమీద వత్తులు మండుతూ వదిలేసి పోయింది, అవతలోళ్ళు ఇంకా వీళ్ళు అక్కడే ఉన్నారనుకున్నారు. అవతల సేనాని హాప్టన్ ఎవరో తెలుసా, వాలర్‌కి పాత స్నేహితుడు. లెవెల్ ఇంకేం కావాలి?

రాజు మేనల్లుడు రూపర్ట్‌ని కూడా వదలొద్దు. ఆయన గుర్రపు దళం ఎదురొచ్చినోళ్ళని తరుముకుంటూ మైదానం దాటి పోయేది, మళ్ళీ టైముకి తిరిగి రాదు. ప్లేయర్ ఆర్డర్ ఇచ్చినా వెంటనే వినకూడదు, తిట్టుకోనీ. ఇక 1645లో రైతులు కర్రలు పట్టుకుని మా ఊళ్ళోకి మీరిద్దరూ రావొద్దని లేచారు, క్లబ్‌మెన్ అంటారు వాళ్ళని, మూడో జట్టు కింద పెట్టండి, ఇద్దరికీ ఎదురే.

మీ ముగ్గురి గొడవకి మాత్రం నా దగ్గర మందు లేదు, ఇది ఎవడూ అడగని నాలుగో పేరు కాబట్టి ఎవడూ ఓడిపోడు, అదొకటే ఊరట.

ప్రశ్న: పద్మనాభం యుద్ధం గేమ్‌గా పనికొస్తుందా?
(ఓ పాఠకురాలు, భీమిలి)

జవాబు: అది కంపెనీ సైన్యంతో విజయనగరం రాజు చిన విజయరామరాజు చేసిన యుద్ధం అమ్మా, 1794 జూలై 10, ఆయన అందులోనే చనిపోయాడు. అంతర్యుద్ధం కాదు గానీ ఒక లెవెల్‌కి చక్కగా సరిపోతుంది. కొండమీద గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి, మ్యాప్ గీసే ముందు ఓసారి ఎక్కి చూసి రండి, మధ్యాహ్నం మాత్రం వద్దు, కాళ్ళు కాలిపోతాయి.