35 దాటాక కూచిపూడి మొదలుపెడితే నవ్వుతారా?

మగవాణ్ణి, 35 దాటాయి, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, స్టేజీ ఎక్కే ఆలోచన లేదు, సరదాకి కూచిపూడి నేర్చుకుంటానంటే నవ్వుతారా అని అడిగారు కదా. నవ్వుతారండీ. నేను 36లో మొదలుపెట్టాను, ముందు మా ఇంట్లోనే నవ్వారు, నెల తిరిగేసరికి వాళ్ళకే విసుగొచ్చి మానేశారు. మగవాడికి ఇదెందుకు అనేవాళ్ళుంటే, ఇది ఎన్నో తరాల పాటు మగవాళ్ళే ఆడిన నాట్యమని చెప్పండి. భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకంలో సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి ఆ వేషంతోనే అంత పేరు.

అసలు కష్టం అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి తెరిచి సగం కూర్చున్నట్టు వంగి నిలబడటం. క్లాసులో నా పక్కన ఎనిమిదేళ్ళ పాప నిలబడేది, రెండో రోజే "అంకుల్, మీ మోకాళ్ళు ముందుకొస్తున్నాయి" అంది. నేను పట్టించుకోలేదు. పిల్లలంత కిందకి కూర్చోవాలన్న పంతంతో తొడలు తెరుచుకోకుండానే మోకాళ్ళు వంచేసి, దానికి తోడు ఇంట్లో టైల్స్ మీద గట్టిగా కాళ్ళు కొట్టి ప్రాక్టీసు చేసి, రెండు నెలలకి మెట్లు దిగలేని స్థితికొచ్చాను. మూడు వారాలు ఆపేయాల్సి వచ్చింది. తర్వాత గురువుగారు నన్ను సగమే వంగమన్నారు, మోకాలు కాలివేళ్ళు చూసే వైపే వెళ్ళాలి, లోతు దానంతటదే వస్తుందన్నారు. మీరైనా మొదటి రోజు నుంచే అలా చేయండి.

ఇంకోటి తాళం. చతురశ్రం, అంటే తకధిమి, నాలుగు దెబ్బల లెక్క, సినిమా పాటలు విని విని అది మన ఒంట్లోనే ఉంటుంది. ఖండం వచ్చేసరికి తకతకిట, ఐదు. అక్కడ నా కాలు ఐదు కొట్టాక ఇంకోటి ఉందేమో అన్నట్టు ఆగిపోయేది. గిన్నెలు కడుగుతూ, లిఫ్టులో నిలబడి, మీటింగులో బల్ల కింద వేళ్ళతో కొట్టుకుంటూ దాదాపు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో ఫోన్ చూడటం బాగా తగ్గిందని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

స్టేజీ ఎక్కనప్పుడు ఏం లాభం అంటారా, ఇదివరకు కూచిపూడిలో తరంగం అనే అంశం చూస్తే పళ్ళెం మీద నిలబడ్డారు, భలే బ్యాలెన్స్ అనుకుని చప్పట్లు కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇత్తడి పళ్ళెం అంచుని కాలివేళ్ళతో పట్టుకుని జతికి (తకధిమి లాంటి పలుకుల వరుసకి) తగ్గట్టు ఎలా జరుపుతున్నారో చూస్తాను, నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం) వింటూ ముక్తాయింపు, అంటే జతి ముగింపు, ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసుకుంటాను, ఒక్కోసారి తప్పుతాను కూడా.

చేరేముందు అడవులు (చెట్లున్నవి కాదు, అడుగుల పాఠాలు) ఎన్నాళ్ళు చెప్తారో అడగండి. నేను మొదట వెళ్ళిన చోట రెండో వారంలోనే వార్షికోత్సవానికని ఒక పాట పట్టించారు, అడవులు ఊసే లేదు. అక్కడ మానేసి ఇప్పుడున్న చోటికొచ్చాను. మూడేళ్ళయింది, వారానికి రెండు క్లాసులు. ఆ పాప తరంగం దాకా వెళ్ళిపోయింది, నేనింకా జతుల దగ్గరే ఉన్నాను, ఇప్పటికీ క్లాసులో నా మోకాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచుతుంది.