వయ్యారిభామ మీద ఉన్న పురుగులు వేరుశనగ, పత్తి మీదకు వస్తాయా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతం. నాలుగెకరాల ఎర్రనేలలో శెనక్కాయ వేశాను, పైరు వయసు 25 రోజులు. పక్కనే రెండెకరాల నల్లరేగడిలో పత్తి ఉంది, దానికి 45 రోజులు. గెనాల (గట్ల) మీద, బండ్ల దారి పొడవునా వయ్యారిభామ మోకాలెత్తు పెరిగింది. కొన్ని మొక్కలు పూతకు వచ్చాయి. చారల పెంకు పురుగులు దాని ఆకులు తింటున్నాయి. కొన్ని మొక్కల కాండం మీద పిండి అద్దినట్టు తెల్ల పురుగు పట్టింది. పూలను అరచేతిలో దులిపితే సన్నని పురుగులు రాలుతున్నాయి. ఇవి పంట మీదకు వస్తాయా? గెనాల మీద మందు కొట్టాలా, మొక్కలు పీకేయాలా, లేక పెంకు పురుగులే తినేస్తాయని వదిలేయాలా?

జవాబు: మీరు చూసిన మూడు పురుగులకూ ఒకే మాట చెల్లదు. చారల పెంకు పురుగు మీకు మేలు చేసేది. పిండినల్లి పత్తికి శత్రువు. పూలలో ఉన్న తామర పురుగులే మీ వేరుశనగకు అన్నిటికంటే ప్రమాదం, అదీ ఈ వారం, పది రోజుల్లోనే. గెనాల మీద పురుగుమందు కొడితే మేలు చేసే పురుగు ముందు చస్తుంది, ప్రమాదం ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి మందు డబ్బా పక్కన పెట్టి, ముందు పూత వచ్చిన మొక్కల సంగతి చూడండి.

తామర పురుగులతో మొదలుపెడతాను. వయ్యారిభామలో టొబాకో స్ట్రీక్ అనే వైరస్ ఉంటుంది. మొక్క మీద మచ్చ గానీ ముడత గానీ ఉండదు, పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. వైరస్ ఉండేది దాని పుప్పొడిలో. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది. అవి గాలివాటున వచ్చి వేరుశనగ లేత ఆకులను గీకి రసం పీల్చినప్పుడు, ఆ గీతల గుండా పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది. పుప్పొడి గాలికి ఎగిరివచ్చి ఆకు మీద పడి ఉన్నా, తర్వాత ఏ తామర పురుగు గీకినా అదే జరుగుతుంది. దీనివల్ల వచ్చేదే కాండం కుళ్ళు వైరస్ తెగులు. 2000 ఖరీఫ్‌లో మీ జిల్లాలోనే దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ దీని బారిన పడింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. పొద్దుతిరుగుడులో వచ్చే నెక్రోసిస్ తెగులుకూ ఇదే వైరస్ కారణం.

తెగులును ఇలా పోల్చుకోండి. ముందు లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, ఈనెలు మాడతాయి. తర్వాత ఆకు కాడ, అక్కణ్నుంచి కాండం నల్లబడి, చివరి మొగ్గ ఎండిపోతుంది. నెల లోపు పైరుకు సోకితే మొక్క చాలావరకు చస్తుంది. ముదిరిన పైరులో కొన్ని కొమ్మలే ఎండుతాయి, కాయల మీద నల్ల మచ్చలు పడతాయి. మొదలు దగ్గర తెల్లని బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే అది శిలీంధ్రం వల్ల వచ్చే మొదలు కుళ్ళు, దాని వైద్యం వేరు. మొవ్వు కుళ్ళు కూడా వైరస్ తెగులే గానీ ఆ వైరస్ వేరు. అది తామర పురుగు ఒంట్లో పెరిగి వ్యాపిస్తుంది, దానికి పుప్పొడితో పని లేదు.

కాండం కుళ్ళు వైరస్ వేరుశనగ మొక్క నుంచి పక్క వేరుశనగ మొక్కకు పాకదు. వేరుశనగ పువ్వులో పుప్పొడి లోపలే మూసుకుని ఉంటుంది, తామర పురుగుకు చిక్కదు. అందుకే తెగులు సోకిన మొక్కలను పీకి పారేస్తే లాభం లేదు, మొక్కల సాంద్రత తగ్గి మీకే నష్టం. తెగులు విత్తనం ద్వారా కూడా రాదు. వైరస్ అంతా గట్టు నుంచే వస్తుంది, అంటే ఆపే వీలు కూడా గట్టు మీదే ఉంది. పైరు మీద ఎన్నిసార్లు మందు కొట్టినా, రేపు గాలికి కొత్త తామర పురుగులు కొత్త పుప్పొడితో వస్తాయి. ఆకుల అడుగున వెండిలా మెరిసే గీతలు, ముడతలు ఎక్కువగా ఉంటే మాత్రం ఎకరాకు 60 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందును 200 లీటర్ల నీటిలో కలిపి ఒకసారి పిచికారి చేయండి. అది తామర పురుగు, పచ్చదోమ నష్టాన్ని తగ్గిస్తుంది, వైరస్‌కు మందు అనుకోవద్దు.

ఇక పూత వచ్చిన మొక్కలను తీసే పద్ధతి. మధ్యాహ్నం ఎండలో, గాలిలో పీకితే పుప్పొడీ తామర పురుగులూ కలిసి లేచి నేరుగా పైరు మీద పడతాయి. గట్టు బాగుచేసిన కొద్ది రోజులకే తెగులు ఎక్కువైందని కొందరు రైతులు వాపోవడానికి ఇది ఒక కారణం. వాన పడిన మర్నాడు గానీ, మంచు ఆరకముందు గానీ, గాలి లేని పొద్దున పని పెట్టుకోండి. పుప్పొడి తడిసి ఉంటుంది, నేల తడిగా ఉండి వేరు తెగకుండా వస్తుంది. ముందు పూల కొమ్మలను కత్తిరించి ప్లాస్టిక్ గోతంలో వేసి మూతి కట్టండి, తర్వాత మొదలుతో పీకండి. వేరుశనగ వైపు గట్టు మొదట, బండ్ల దారి తర్వాత. పూల గోతాలను పొలానికి దూరంగా కాల్చేయండి. పెంటకుప్పలో వేస్తే విత్తనం చావదు. ఒక్క మొక్కే పది వేలకు పైగా విత్తనాలు ఇస్తుంది, ఎరువుతో పాటు పొలమంతా మీరే చల్లినట్టవుతుంది.

పూత రాని మొక్కలకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. నేలకు అంటుకుని గుండ్రంగా ఆకులు పరిచి ఉన్న దశలో పీకడం అన్నిటికంటే సులువు. కొడవలితో పైపైన కోయవద్దు, మొదలు నుంచి మళ్లీ చిగిర్చి ఇంకా తొందరగా పూస్తుంది. మొలకెత్తిన నాలుగు వారాల్లోనే పూయగలదు కాబట్టి, పైరుకు 60 రోజులు వచ్చేదాకా 20 రోజులకోసారి గట్లు చూసుకోవాలి. కూలీలకు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దీని పుప్పొడితో, ఆకు రసంతో చర్మంపై దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఒకసారి పడనివారికి మళ్లీ మళ్లీ వస్తుంది, అలాంటివారిని ఈ పనికి పిలవకండి. పీకిన మొక్కను పశువులకు వేయవద్దు, పాలు చేదెక్కుతాయి.

కలుపుమందు గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా వదిలేది కాదు. గట్ల మీద 2,4-డి కొట్టవద్దు. పక్కన 45 రోజుల పత్తి ఉంది. ఆ మందు ఆవిరి సోకినా పత్తి ఆకులు సన్నగా వేళ్లలా చీలిపోతాయి, మొగ్గ రాలుతుంది. అదే పంపుతో తర్వాత పత్తికి పురుగుమందు కొట్టినా అంతే, పంపులో మిగిలిన కాస్త మందు చాలు. పంటకు దూరంగా ఉన్న రోడ్డు పక్క అయితే, పూతకు ముందు లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ బాగా ఉన్న రోజు మొక్క తడిసేలా కొట్టవచ్చు. గెనాల మీద మాత్రం ఉప్పు వద్దు, నేల పాడవుతుంది.

ఇప్పుడు పిండినల్లి. వయ్యారిభామ మీద, తుత్తురుబెండ మీద ఎక్కువగా కనిపించే రకం పత్తి పిండినల్లే. 2005, 2006 ప్రాంతంలో గుజరాత్, పంజాబ్ పత్తి పొలాలను దెబ్బతీసింది ఇదే. పత్తి లేని నెలల్లో ఇది గట్ల మీది కలుపులో బతికి ఉంటుంది. తల్లి పురుగు వీపు మీద మైనం లేని చోట రెండు నల్లని గీతలు కనిపిస్తాయి. ఒక్క తల్లి కొన్ని వందల పిల్లలు పెడుతుంది. పాకేది, గాలికి కొట్టుకుపోయేది ఆ పిల్లలే. కాలువ నీటితో, కూలీల బట్టలతో, పశువుల ఒంటితో కూడా పత్తిలోకి చేరతాయి.

అందుకే పిండినల్లి పట్టిన మొక్కను పీకి గట్టు మీద పడేయడం చాలా తప్పు. మొక్క వాడగానే పిల్లలు దిగి, పక్కనున్న పచ్చని పత్తి వైపు నడుస్తాయి. అలాంటి మొక్కలను ఉన్నచోటే గోతంలోకి వంచి, మూతి పట్టుకుని, అప్పుడు పీకండి. ఆ రోజే కాల్చండి. ఈ పని చేసిన కూలీలను అదే బట్టలతో పత్తిలో కలుపు తీయించవద్దు. మొక్కల మొదట్లో చీమల బారు ఉంటే ఆ పుట్ట కూడా చూడండి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి, కొత్త మొక్కల మీదకు మోసుకెళ్తాయి.

గోతంలో వేసే ముందు ఒక్క నిమిషం ఆ గుంపులను దగ్గరగా చూడండి. తెల్లపిండి లేకుండా, గోధుమరంగులో ఉబ్బి, గట్టిగా పెంకులా మారిన పిండినల్లులు ఉన్నాయా? అవి చచ్చినవి. వాటి లోపల ఏనాసియస్ అనే చిన్న కందిరీగ జాతి పురుగు పెరుగుతోంది. పిండినల్లిని మన దేశంలో అదుపులోకి తెచ్చిన ముఖ్యమైన సహజ శత్రువు ఇదే. గుంపులో సగానికి పైగా ఇలాంటివే ఉంటే ఆ కొమ్మలను కాల్చవద్దు. పల్చటి గుడ్డ సంచిలో వేసి పత్తి పొలం గట్టున కర్రకు వేలాడదీసి, సంచికి సూది మొన పట్టేంత రంధ్రాలు చేయండి. కందిరీగ బయటికి వస్తుంది, పిండినల్లి పిల్లలు కూడా రాకుండా కర్రకు గ్రీజు పట్టించండి. పిండినల్లిని తినే అక్షింతల పురుగుల పిల్లలు కూడా తెల్లటి మైనపు దారాలతో పిండినల్లిలాగే ఉంటాయి గానీ, పెద్దవిగా ఉండి చురుగ్గా పరుగెడతాయి. వాటిని చంపవద్దు.

పత్తిలో ఇప్పటికే ఒకటీ రెండూ మొక్కలకు పిండినల్లి కనిపిస్తే ఆ మొక్కలకు, చుట్టూ ఉన్న నాలుగైదు మొక్కలకు మాత్రమే లీటరు నీటికి 3 మి.లీ. ప్రొఫెనోఫాస్, ఒక గ్రాము సబ్బు పొడి కలిపి కాండం, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. సబ్బు లేకపోతే మైనం మీద మందు నిలవక జారిపోతుంది. పొలమంతా కొట్టడం వల్ల ఏనాసియస్ పోయి, పిండినల్లి నెలలోపే రెట్టింపుగా తిరిగి వస్తుంది.

ఇక చారల పెంకు పురుగు. దీనిది మెక్సికో. వయ్యారిభామను తినిపించడానికే తెప్పించి, పరీక్షలు చేసి, 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అక్కణ్నుంచి తనంతట తాను రాయలసీమ దాటి వ్యాపించింది. తెల్లటి మీగడ రంగు రెక్కల మీద నిలువుగా ముదురు గోధుమ చారలు ఉంటాయి, పొడవు సుమారు 6 మి.మీ. అడ్డంగా పసుపు, ఎరుపు పట్టీలున్న నల్లటి పెంకు పురుగు పూలను తింటుంటే అది వేరే పురుగు, పొరబడకండి. చారల పెంకు పురుగు పిల్లలు లేత మొగ్గను, ఆకును తింటాయి కాబట్టి మొక్క పూయడం తగ్గుతుంది. ఇది మీ వేరుశనగనూ పత్తినీ తినదు. 1990ల తొలినాళ్లలో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులను తింటోందని గొడవైంది. పరిశీలిస్తే, వయ్యారిభామ పుప్పొడి పడిన ఆకులనే కొరికిందని, పొద్దుతిరుగుడు మీద తన సంతతిని నిలుపుకోలేదని తేలింది. వయ్యారిభామ కోసమే తెచ్చిన మరో పురుగు, కాండంలో గడ్డ చేసే చిమ్మట, ప్రయోగశాలలో అరకు రైతులు వేసే వలిసెల అనే నూనెగింజ పంట మీద కూడా పెరిగేసరికి దాన్ని బయటికి వదలకుండానే నాశనం చేశారు. పంటకు హాని లేదని తేలాకే ఈ పెంకు పురుగును వదిలారని చెప్పడానికి ఈ మాట.

అయితే అది తింటోంది కదా అని గెనాల మీద మొక్కలను ఉంచడం మాత్రం కుదరదు. పెంకు పురుగు పనికి వారాలు పడుతుంది, మీ వేరుశనగకు అంత వ్యవధి లేదు. పొద్దున్నే మొక్క కింద తెల్లగుడ్డ గానీ తిరగేసిన గొడుగు గానీ పట్టి కొమ్మను తట్టండి. చల్లని వేళ అవి ఎగరవు, రాలి పడతాయి. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన డబ్బాలో వయ్యారిభామ ఆకులు వేసి, డబ్బాకు రెండు మూడు వందల చొప్పున నింపి, అదే రోజు ఊరి బయట పోరంబోకులో, చెరువు లోపలి బీడులో, పూత తక్కువగా ఉన్న గుబురు మధ్యలో వదలండి. ఒక్కో చోట 500 నుంచి 1,000 వరకు ఉంటే నిలదొక్కుకుంటాయి. పది చోట్ల ఐదేసి వదిలితే ఎక్కడా నిలవవు. ఆ బీడు మీ వేరుశనగకు పడమటి గాలి వచ్చే దిక్కున మాత్రం ఉండకూడదు.

వచ్చే ఖరీఫ్‌కు విత్తనానికి కిలోకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి, పొలం చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేరుశనగతో పాటే, వీలైతే వారం ముందు, విత్తండి. బయటి నుంచి వచ్చే తామర పురుగులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. విత్తనం మోతాదు తగ్గించవద్దు. పలచటి పైరులో తామర పురుగులు ఎక్కువగా దిగుతాయి. తొలకరికి ముందే గెనాల మీద తగిరిస విత్తనం చల్లితే, అది దట్టంగా లేచి వయ్యారిభామకు చోటు ఇవ్వదు.

పెంకు పురుగులు వదిలిన బీడుకు గుర్తుగా ఒక రాయి పాతండి. సుమారు నవంబరు నుంచి అవి నేలలోకి దిగి, తొలకరి వాన దాకా అక్కడే నిద్రపోతాయి. ఆ నెలల్లో ఆ చోటును ట్రాక్టరుతో దున్నించకుండా, మంట పెట్టించకుండా ఊరివాళ్లకు చెప్పి ఉంచండి.