మొదటి కుర్చీ పెద్దవాళ్లకి

ప్రశ్న: మాస్టారూ, వచ్చే నెల మా నాన్నగారి షష్టిపూర్తి. బీచ్ రోడ్డులో హాలు మాట్లాడాం, రెండు వందల మంది వస్తారు. వచ్చినవాళ్ల బొమ్మ అక్కడికక్కడే గీసిచ్చే ఆర్టిస్టుని పెట్టాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. అందరి చేతుల్లో ఫోన్లుంటే బొమ్మలెందుకని మావారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్కరు సరిపోతారా? బొమ్మ కుదరక ఎవరైనా చిన్నబుచ్చుకుంటారేమోనని నా టెన్షన్.
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు లెక్క చూద్దామమ్మా. బ్రష్ పెన్‌తో ముఖం ఒక్కటే వేస్తే నాకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వచ్చి కూర్చోవడం, పైట సర్దుకోవడం, లేవడం కలిపితే పది. గంటకి ఆరుగురు, మూడు గంటలకి 18 మంది. నీళ్లరంగులు కూడా కావాలంటే 12 మందే. ఇద్దరు ఆర్టిస్టుల్ని పెట్టినా రెండు వందల మందికీ కుదరదు. అందుకని ‘అందరికీ’ అని ముందే చెప్పుకోకండి. ఆర్టిస్టు ఒక్కరే అయితే పద్దెనిమిది చీటీలు రాసి, ఎవరికివ్వాలో మీరే అనుకోండి. అమ్మమ్మలు, తాతయ్యలు, దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లు ముందు. వరస వదిలేస్తే కుర్చీ పిల్లలదే అవుతుంది. పెద్దవాళ్లు ‘మాకెందుకమ్మా’ అంటూనే పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతారు.

మీవారు అడిగినదానికి నేను చూసిందే చెప్తాను. ఒక గృహప్రవేశంలో భీమిలి నుంచి వచ్చిన పెద్దావిడని మనవరాళ్లు బలవంతంగా నా ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, పెట్టుకోకుండా ఒళ్లో పెట్టుకున్నారు. ముక్కుకి రెండువైపులా కళ్లజోడు నొక్కి నొక్కి పడిన గుంటలు కనిపించాయి. వేస్తే బాగుండదేమోనని నేను వదిలేశాను. బొమ్మ చూసి ఆవిడ వేలు అక్కడే పెట్టారు. ‘ఇవీ వెయ్యి నాయనా, నలభయ్యేళ్ల నుంచి ఉన్నాయి’ అన్నారు. చిన్న చిన్న వంపు గీతలు రెండు వేశానో లేదో, వెనకనున్న పిల్లలు ఒక్కసారిగా ‘అదిగో నాయనమ్మ!’ అన్నారు. అంతవరకూ ఎంత గీసినా రాని పోలిక ఆ రెండు గీతలతో వచ్చింది. గ్రూపు ఫొటోలో ఆవిడ ఎక్కడో వెనక వరసలో ఉంటారు. ఇక్కడ పది నిమిషాలు అందరూ ఆవిడనే చూశారు. అందుకే ఖర్చు పెట్టొచ్చు అంటాను.

అందుకని ఆర్టిస్టుని గోడకి ఆనించి కూర్చోబెట్టకండి. వెనక పదిమంది నిలబడేంత చోటు వదలండి, తెల్లకాగితం మీద ముఖం తేలుతుంటే చూడటంలోనే సగం సంబరం ఉంది. భోజనాల వరసకీ, స్పీకర్లకీ దూరంగా ఉంచండి. కూర్చున్నవాళ్ల ముఖం మీద ఒక పక్క నుంచి దీపం పడితే చాలు. అన్ని వైపుల నుంచీ ఫోకస్ లైట్లు కొడితే ముఖం చదునైపోతుంది.

మీ హాలు సముద్రం ఎదురుగానే కదా, కిటికీల పక్కన మాత్రం వద్దు. ఒకసారి నిర్వాహకులు పల్చటి కాగితం తెచ్చిపెట్టారు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కాగితం ఆ తేమ పీల్చుకుంది. ఒక పెద్దాయన మీసం నా కళ్ల ముందే మసిలా పాకిపోయింది. మర్నాడు వాళ్లింటికి వెళ్లి మళ్లీ గీసిచ్చేదాకా నాకు మనసు కుదుటపడలేదు. కనీసం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని చెప్పే కొలత) ఉన్న మందపాటి కాగితం అడగండి, ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వమనండి. బొగ్గు వద్దే వద్దు, పట్టుచీరలకి అంటుతుంది.

క్యారికేచర్ త్వరగా అయిపోతుందని ఎవరైనా చెప్తారు, నిజమే. ఆ మాట ఇటాలియన్‌లో ‘బరువెక్కించడం’ అనే అర్థం నుంచి వచ్చింది. ముక్కుకో గడ్డానికో బరువెక్కించి గీస్తారు. కాలేజీ స్నేహితుల పార్టీలో అది బాగుంటుంది. షష్టిపూర్తిలో, వియ్యాలవారి ముందు, నేనైతే వేయను.

ఎవరూ చిన్నబుచ్చుకోకూడదంటే ఆర్టిస్టుని ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవి చూసి మాట్లాడేయకండి. ఫొటో చూసి నాలుగు గంటలు కూర్చుని వేసినవి కూడా అందులో ఉంటాయి. ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, మీ నాన్నగారినే ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాల్లో వేయమనండి. ఆయన చూసి తల ఊపితే అడ్వాన్సు ఇచ్చేయండి.

ప్రశ్న: ఫొటో చూసి బాగానే వేస్తాను సార్. మనిషి ఎదురుగా కూర్చుంటే చెయ్యి వణుకుతుంది. ఫంక్షన్లకి వెళ్లాలంటే ఎలా సాధన చేయాలి?
— ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, గాజువాక

జవాబు: రోజూ ఓ గంట ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కూర్చో బాబూ. శ్రీకాకుళం బస్సు కోసం చూసేవాళ్లని గియ్యి. బస్సు రాగానే లేచిపోతారు, మిగతాది గుర్తున్నంతవరకూ పూర్తిచెయ్యి. రబ్బరు ఇంట్లోనే వదిలెయ్యి. కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి, కంగారులో పైకి వేసేస్తాం, నుదురు కురచైపోతుంది. చిన్నపిల్లలకైతే సగానికన్నా కిందే. ముందు తల ఆకారం, మెడ వంపు పట్టుకో, కళ్ల దగ్గరికి తర్వాత రా. ఎవరైనా నిన్ను గమనిస్తే పుస్తకం మూసెయ్యకు. దగ్గరికి వెళ్లి చూపించు, కావాలంటే ఆ కాగితం చింపి వాళ్లకే ఇచ్చెయ్యి.