బ్యాక్టీరియాకు లెక్కలు కడతానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది. సూక్ష్మజీవుల మధ్య సాయం, పోటీల మీద గణిత పరిశోధన చేస్తానంటోంది. మేం ఎంసీఏ చేయమంటున్నాం. ఏది మంచిది?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ముందు అమ్మాయి మనసు పడ్డది ఏమిటో చూద్దాం. డెయిరీలు యోగర్ట్ కోసం రెండు రకాల బ్యాక్టీరియాను కలిపి వేస్తాయి. లాక్టోబాసిలస్ పాలలోని ప్రొటీన్లను విడగొట్టి రెండోదానికి అమైనో ఆమ్లాలు అందిస్తుంది. ఆ రెండోది, స్ట్రెప్టోకాకస్, బదులుగా ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది. కలిసుంటే పాలు త్వరగా తోడుకుంటాయి. కానీ రెండూ తినేది అదే లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర! ఒకే గిన్నెలో సాయమూ ఉంది, పోటీ కూడా ఉంది.

ఈస్ట్ కథ ఇంకా బాగుంటుంది. అది ఒక ఎంజైమ్‌తో పంచదారను కణం బయటే విడగొడుతుంది. అలా వచ్చిన గ్లూకోజ్ లాంటి చిన్న చక్కెరల్లో దాదాపు 99 శాతం పక్క కణాలకే పోతుంది. ఆ ఎంజైమ్ తయారుచేయని కణాలు ఊరికే తినేస్తాయి. మరి కష్టపడేవి ఎందుకు అంతరించిపోవు? తమకు మిగిలే ఆ కాస్త వాటాయే వాటిని నిలబెడుతుందని 2009లో ఎంఐటీ పరిశోధకులు గేమ్ థియరీతో, అంటే ఒకరి లాభం ఎదుటివారి ఎత్తు మీద ఎలా ఆధారపడుతుందో లెక్కగట్టే గణితంతో, చూపించారు. నాకైతే ఇది చాలా అందమైన గణితం.

అమ్మాయికి ఇది నప్పుతుందో లేదో తేలడానికి మూడు నెలలు చాలు. జీవజాతుల సంఖ్య ఎలా పెరిగి తగ్గుతుందో చెప్పడానికి గణితజ్ఞులు లోట్కా, వోల్టెరా 1925–26లో రాసిన సమీకరణాలు డిగ్రీ పిల్లలకు అందేవే. రెండు జాతుల పోటీని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎప్పుడు ఒకటే గెలుస్తుందో, ఎప్పుడు రెండూ బతుకుతాయో తనే కనిపెట్టాలి. పక్కనే మైక్రోబయాలజీ మొదటి పాఠాలూ చదవాలి. మ్యాథ్స్ పిల్లలు తడబడేది అక్కడే. ఇష్టం నిలిస్తే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. ఆ తర్వాత మీరుంటున్న బెంగళూరులోనే ఐఐఎస్సీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. చెన్నైలో ఐఐటీ మద్రాస్, గణిత పరిశోధన సంస్థ ఐఎంఎస్సీ ఉన్నాయి.

దారి మాత్రం పొడవు. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. సీఎస్ఐఆర్, యూజీసీ ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. మధ్యలో మానేసినా పైథాన్, స్టాటిస్టిక్స్ చేతిలో ఉంటాయి. ఎంసీఏ నిర్ణయం డిగ్రీ అయ్యాక తీసుకున్నా ఆలస్యం కాదు. ఇంటికి తన సంపాదన ఎప్పటికల్లా కావాలో మాత్రం ఇప్పుడే, దాచకుండా చెప్పండి. ఆ ఒక్కటి తెలియకుండా తను ఏ లెక్కా సరిగ్గా వేసుకోలేదు.