టెక్ సందేహాలు: బెల్జియం బీర్ల లెక్క ఫోన్‌లో ఎలా రాసుకోవాలి?

ఈసారి వచ్చిన మెయిళ్ళలో కొన్ని బీరు చుట్టూనే తిరిగాయి, అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. బీరు అలవాటు లేనివాళ్ళు కూడా చదవొచ్చు, చిట్కాలు టీకీ కాఫీకీ కూడా పనికొస్తాయి.

ప్రశ్న: లూవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వారాంతాల్లో కొత్త కొత్త బెల్జియన్ క్రాఫ్ట్ బీర్లు రుచి చూస్తుంటాను. ఫొటోలు తీస్తాను కానీ నెల తిరిగేసరికి ఏది నచ్చిందో గుర్తుండదు. అన్‌టాప్డ్ యాప్ సరిపోతుందా?

మొదలుపెట్టడానికి సరిపోతుంది. 2010 నుంచి ఉన్న యాప్ అది, చిన్న బ్రూవరీల బీర్లు కూడా చాలావరకు దొరికేస్తాయి, పేరు వెతికి చెకిన్ చేసి (అంటే తాగినట్టు నమోదు చేసి) 5కి మార్కులు వేయడమే పని. కానీ మీ లెక్కంతా అక్కడే పెట్టేయకండి. రేట్‌బీర్ ఏమైందో చూశాం కదా, బీర్లకి మార్కులు వేసుకునేందుకు 2000లో మొదలైన సైటు, 2005లో బెల్జియంలో ఒక క్రైస్తవ మఠం తయారుచేసే వెస్ట్‌వ్లెటెరెన్ 12ని ప్రపంచంలోకెల్లా మేటి బీరని చెప్పి ఆ మఠం ముందు కార్లు బారులు తీరేలా చేసిన సైటు, తర్వాత ఏబీ ఇన్‌బెవ్ అనే పెద్ద బీరు కంపెనీ చేతికి వెళ్ళింది, 2025 ఫిబ్రవరి 1న మూతపడింది. ఏళ్ళ తరబడి అందులో రాసినవాళ్ళు ముందే కాపీ తీసి పెట్టుకోకపోతే అంతే సంగతులు.

అందుకని ఒక గూగుల్ ఫామ్ చేసుకుని దాని షార్ట్‌కట్ హోమ్‌స్క్రీన్ మీద పెట్టుకోండి. బీరు పేరు, బ్రూవరీ, ఆల్కహాల్ శాతం, డ్రాఫ్టా (పీపాలోంచి పట్టిందా) సీసానా, సీసాలో నింపిన తేదీ, రుచి గురించి ఒక్క వాక్యం, మళ్ళీ కొంటారా లేదా, ఇవి చాలు. ఫామ్‌ని గూగుల్ షీట్‌కి లింక్ చేస్తే, రాసిన ప్రతిసారీ అదంతా అందులోకి వెళ్ళిపోతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

సీసాలో నింపిన తేదీ ఎందుకంటారా? ఓర్వాల్ అనే బెల్జియన్ బీరు తీసుకోండి. అందులో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ కలుపుతారు, అది సీసాలో కూడా పని చేస్తూనే ఉంటుంది. కొత్త సీసాలో హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) వాసన, చేదు ముందు తగులుతాయి, ఏడాది దాటినదాంట్లో అవి తగ్గి తోలు లాంటి, గుర్రపుశాల లాంటి వాసన పైకి వస్తుంది (నచ్చేవాళ్ళకి అదే నచ్చుతుంది, నచ్చనివాళ్ళు సీసా పక్కన పెట్టేస్తారు). యాప్‌లో ఈ రెండూ ఒకే పేరు కింద ఒకే సగటు మార్కులో కలిసిపోతాయి. ఓర్వాల్ లేబుల్ మీద నింపిన తేదీ ఉంటుంది, దాన్నే రాసుకోండి.

ఇక మార్కుల సంగతి. సగటు మార్కుల్ని చూసి కొనడం నాకు నచ్చదు. ఘాటైన బీర్లకీ అరుదుగా దొరికేవాటికీ జనం ఉదారంగా వేస్తారు, బ్రాసరీ డి లా సెన్ వాళ్ళ టారస్ బుల్బా లాంటి 4.5 శాతం బీరు ఎంత చక్కగా ఉన్నా ఆ పోటీలో వెనకబడుతుంది. మీరు వేసుకునే మార్కులైనా మూడో గ్లాసు తర్వాత వేసినవైతే కొట్టేయండి.

ప్రశ్న: ఆఫీసు పని మీద బ్రస్సెల్స్ వెళ్ళినప్పుడు సరదాగా చెకిన్‌లు పెట్టాను. హైదరాబాద్‌లో మా బావగారు ఫేస్‌బుక్‌లో చూసి ఇంట్లో చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

బావగారి విషయంలో నేనేమీ చేయలేను. అన్‌టాప్డ్‌లో ఖాతాని ప్రైవేట్ చేయండి, ఫేస్‌బుక్ లింకు తీసేయండి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి లొకేషన్ అనుమతి ఆపేయండి, పాత చెకిన్‌లు తొలగించండి. నవ్వులాటగా తీసుకోవద్దు. 2020లో బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధక వార్తాసంస్థ వాళ్ళు ఈ బీరు చెకిన్‌ల ఆధారంగానే సైనికులు, గూఢచారి సంస్థల ఉద్యోగులు ఎక్కడెక్కడ తిరిగారో పట్టుకోవచ్చని చూపించారు.

ప్రశ్న: బెల్జియం బీరు వార్తలు తెలుసుకోవాలని ఉంది. కానీ ఫోన్‌లో బీరు అని వెతికితే పెద్ద కంపెనీల షేర్ల ధరలే వస్తున్నాయి.

వెతకడం మానేసి, వార్తలే మీ దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. సైట్లలో వచ్చే కొత్త రాతల్ని ఒకచోట చూపించే ఫీడ్లీ గానీ ఇనోరీడర్ గానీ వేసుకుని అందులో బెల్జియన్ స్మాక్, బ్రస్సెల్స్ బీర్ సిటీ లాంటి సైట్లు చేర్చండి. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, మనుషులతో మాట్లాడి తీరిగ్గా రాసే తరహా. రోజువారీ కబుర్లకి, మీరిచ్చిన మాట ఉన్న వార్త రాగానే తెలియజేసే గూగుల్ అలర్ట్స్ చాలు. కాంటియోన్, దుపాన్ లాంటి బ్రూవరీ పేరుని డబుల్ కోట్స్‌లో పెట్టి, పక్కన బీరుకి డచ్ లేదా ఫ్రెంచ్ మాట చేర్చండి, లేకపోతే అదే పేరున్న ఊళ్ళూ మనుషులూ అన్నీ వచ్చి పడతాయి. షేర్లు అనే మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ గోల తగ్గుతుంది. ప్రాంతం దగ్గర బెల్జియం, భాష దగ్గర డచ్ లేదా ఫ్రెంచ్ ఎంచుకుని, మెయిల్‌కి బదులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (ఇలాంటి యాప్‌లు చదివే వార్తల లింకు) అడిగితే అది కూడా ఫీడ్లీలోకే వచ్చేస్తుంది. చదవడానికి క్రోమ్ అనువాదం చాలు, తప్పులుంటాయి కానీ విషయం తెలుస్తుంది.

ప్రశ్న: వెస్ట్‌వ్లెటెరెన్ వెబ్‌షాప్‌లో ఎప్పుడు చూసినా స్టాక్ ఉండదు. పేజీని దానంతటదే రిఫ్రెష్ చేసే ఎక్స్‌టెన్షన్ చెప్తారా?

చెప్పను. 2018లో నెదర్లాండ్స్‌లో ఒక సూపర్‌మార్కెట్ ఈ బీరుని మఠం ధరకి ఎన్నో రెట్లు ఎక్కువగా, సీసా దాదాపు 10 యూరోలకి అమ్మింది. అంతకుముందు మఠం వాళ్ళు ఫోన్‌లో బుకింగ్ తీసుకుని కారు నంబరు కూడా రాసుకునేవారు, అలా కొని తిరిగి అమ్మేవాళ్ళని అడ్డుకోవడానికి 2019లో ఆన్‌లైన్‌కి మారారు, అది కూడా చాలాకాలంగా కొననివాళ్ళకి ముందు దొరికేలా. కాబట్టి వేగంగా నొక్కితే లాభం లేదు. ముందే ఖాతా తెరిచి వివరాలు నింపి ఉంచండి, అమ్మకం తేదీని క్యాలెండర్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి. మరీ ఆత్రంగా ఉంటే మఠం ఎదురుగా ఇన్ డె వ్రేడె అనే కేఫ్ ఉంది, అక్కడ గ్లాసులో పోసిస్తారు. బయల్దేరే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో మ్యాప్స్‌లో చూసుకోండి.