నైలు నది నడుస్తుందా?

బేటీ,

నీ ఉత్తరం అందింది. అరబ్బీ పరీక్షలో "సిర్తు వన్నీల" (నైలు వెంబడి నడిచాను) అని రాయాల్సిన చోట "వన్నీలు" అని పేష్ ('ఉ' గుర్తు) పెట్టి మార్కులు పోగొట్టుకున్నావట. నీ వయసులో నేనూ అక్కడే జారిపడ్డాను. మా ఉస్తాద్ నవ్వి, "అయితే నైలు నదికి కాళ్లొచ్చాయా?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది.

వావ్ ('వ' అక్షరం) కనబడగానే మన నోటికి 'మరియు' వచ్చేస్తుంది. ఆ అలవాటు మానుకో. "నేనూ నైలూ నడిచాం" అని ఎవరైనా అంటారా? నైలు వెంబడి నడిచాను అంటాం. ఆ 'వెంబడి'ని అరబ్బీ అదే వావ్‌తో చెప్పి, తర్వాతి నామానికి జబర్ ('అ' గుర్తు) ఇస్తుంది. మఫ్ఊల్ మఅహు (ఇలా 'వెంబడి' అర్థంలో వచ్చే నామం) అంటే అంతే. 'మఅ' ('తో') అన్న మాటే వాడితే గొడవ లేదు, దాని వెనక జేర్ ('ఇ' గుర్తు) వస్తుంది.

జబరా పేషా అని తేల్చే ముందు, ఈ పని రెండోది కూడా చేయగలదా అని చూడు. "సిర్తు వల్ జబల": కొండ నడవదు, జబర్ తప్పదు. "తఖాసమ జైదున్ వ అమ్రున్": తగువుకు ఇద్దరుండాలి, పేష్ తప్ప దారి లేదు. "జాఅ జైదున్ వ అమ్రున్" లో ఇద్దరూ రాగలరు, జబర్ కూడా చెల్లుతుంది గానీ పేషే మేలు.

నిన్ను ముంచేది "సిర్తు వ జైదన్". జైద్ నడవగలడు కదా, జబర్ ఎందుకు మేలంటారు? ఇక్కడ 'నేను' అనేది 'తు' రూపంలో క్రియకు అతుక్కుపోయి ఉంది. దాన్ని 'అన' అని విడిగా నిలబెట్టకుండా పక్కన ఇంకొకరిని జోడించడం వ్యాకర్తలకు రుచించదు. "సిర్తు అన వ జైదున్" అను, ఎవరూ ఏమీ అనరు.

ఆ జబర్ ఇచ్చేది క్రియేనని బస్రా వ్యాకర్తలు, ఖిలాఫ్ (ముందు మాటతో పొత్తు కుదరకపోవడం) అని కూఫా వ్యాకర్తలు కొట్టుకున్నారు. పరీక్షకు ఆ రెండు ముక్కలు చాలు, రాత్రుళ్లు మేలుకోకు.

ఇదే వావ్ క్రియ ముందుకూ వస్తుంది. "లా తఅకులిస్ సమక వ తష్రబల్ లబన్" అని పైకి చదువు. తష్రబకు జబర్ ఉంటే చేపలూ పాలూ కలిపి వద్దని, విడివిడిగా ఏదైనా సరేనని. "తష్రబిల్" అంటే రెండూ వద్దు (అసలు అక్కడున్నది జజ్మ్, అంటే అచ్చు లేకపోవడం; పక్కన అలిఫ్ లామ్ ('అల్') తగిలి జేర్ అయింది). "తష్రబుల్" అంటే చేపలు మానెయ్, పాలు తాగొచ్చు అని. ఒక్క అచ్చు మారితే భోజనమే మారిపోతుంది!

చేపల పులుసు తిన్న పూట పాలగ్లాసు దాచేసే మీ దాదీది జబర్ వాక్యమే.

నీ తాత